సుబేదారు గారి కుండ

ముందే చెబుతున్నాను, ఎవరూ నవ్వకూడదు. పెళ్లిచూపులకని వెళ్లి తుపాకీ పేల్చి వచ్చినవాణ్ణి ఈ బందరు మొత్తంలో నన్నొక్కణ్ణే చూసి ఉంటారు మీరు. పేల్చి ఊరుకున్నా బాగుండేది. తగిలింది! అక్కడే వచ్చింది చిక్కంతా.

తప్పు మా పాస్టరు అయ్యగారిది. సరే, సగం ఆయనది, సగం నాది. కాలేజీ రోజుల్లో కేడెట్ క్యాంపులో నేను స్కోరు రాసేవాణ్ణి. ఎవడు ఎన్ని కొట్టాడో కాగితం మీద ఎక్కించడం, టార్గెట్ అట్టకి పడ్డ చిల్లులకి జిగురుతో కాగితం ముక్కలు అతికించడం. అదే నా మిలిటరీ సర్వీసు. ఓసారి మాటల్లో అయ్యగారితో, "షూటింగులో నా చెయ్యి పడందే పని జరిగేది కాదండీ" అన్నాను. జిగురు సంగతి చెప్పలేదు. ఆయన అవనిగడ్డ అవతల ఊళ్లో ఒక రిటైర్డ్ సుబేదారు గారికి సంబంధం గురించి రాస్తూ, "మా దానియేలు మాస్టారు షూటింగులో ఫస్టు" అని రాసేశారు!

దిద్దుదామనే అనుకున్నాను. ఈలోగా సుబేదారు గారి అమ్మాయి ఫొటో వచ్చింది. పేరు కరుణ, ట్రైనింగైన టీచరు. ఫొటో చూశాక ఉత్తరం దిద్దబుద్ధి కాలేదు.

మొన్న శనివారం అయ్యగారూ నేనూ బస్సెక్కాం. చల్లపల్లిలో బస్సాగితే కాఫీ తాగుతూ, "అయ్యగారూ, నేను తుపాకీ ఒక్కసారి కూడా పేల్చలేదండీ" అని కక్కేశాను.

"ఓరి నీ! ఇప్పుడా చెప్పడం? సర్లే, పెళ్లిచూపుల్లో నీకు తుపాకీ ఎవరిస్తారయ్యా!" అన్నారు.

ఇచ్చారు.

కరుణ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిందో లేదో, సుబేదారు గారు బీరువా తీసి పసుపు గుడ్డలో చుట్టిన రివాల్వరు బయటికి తీశారు. "లైసెన్సుంది, భయపడకండి. బాబూ, దీంతో పది గజాల్లో ఎవడైనా కొడతాడు. రెండొందల గజాల్లో కొట్టాలి, అదీ మజా! రా."

ఇంటి వెనక కాలవ. అవతల కోత అయిపోయిన చేలు, వాటి చివర కరకట్ట. తప్పిన తూటా ఆ మట్టిలోకి పోతుంది. కట్ట కింద గుంజ మీద నల్లకుండ ఒకటి బోర్లించి ఉంది, బాగా కనబడాలని సున్నం బొట్లు పెట్టి. ఆ బొట్లు పొద్దున కరుణే పెట్టిందట. దానికి కుడిపక్క పది బారల్లో ఎవరిదో వంగతోట. అందులో గుంజ మీద దిష్టికుండ. అదీ నలుపే, దానికీ సున్నం బొట్లే!

"మనది ఎడమది" అని సుబేదారు గారు స్పష్టంగానే చెప్పారు. మూడుసార్లు విజిల్ ఊదారు. చేలల్లో ఉన్న నలుగురూ అలవాటే అన్నట్టు కాలవ దాటి ఇవతలికి వచ్చేశారు. ఆయన గడ్డివాముకి వీపు ఆనించి కూర్చుని, మోకాళ్ల మధ్య రెండు చేతులూ బిగించి మూడు తూటాలు కాల్చారు. కుండ పక్కన మూడుసార్లు దుమ్ము లేచింది.

"గాలి" అన్నారు. "ఇప్పుడు నువ్వు."

కూర్చున్నాను. "కుండకే గురిపెడితే తూటా మధ్యలో నేలన పడుద్ది. అంత దూరం పోయేసరికి కిందకి దిగుద్ది కదా! కుండకి పైన, కట్ట మీద తాడిచెట్టుంది చూడు, దాని మొదట్లో పెట్టు. ఊపిరి బిగబట్టు. లాగకు, నొక్కు."

రెండు చేతులతో పిడి పట్టుకున్నాను. వంటింటి కిటికీ దగ్గర గాజుల చప్పుడు. ఒక కన్ను మూయాలని తెలుసు. నేను రెండూ మూశాను. నొక్కాను.

ఢాం! వాములోంచి గడ్డి నెత్తిన పడింది. దూరంగా ఫట్‌మని చప్పుడు.

"స్తోత్రం! స్తోత్రం!" అని అయ్యగారు గంతేశారు. సుబేదారు గారు కళ్లజోడు ఇంట్లో వదిలి వచ్చారు, అయినా చప్పుడు విన్నారుగా! నన్ను లేపి వాటేసుకున్నారు. నేను కళ్లు తెరిచి చూద్దును కదా, ఎడమ కుండ మహారాజులా ఉంది. వంగతోటలో ఉత్త గుంజ!

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "అంతా మీ చలవ, మావయ్యగారూ" అని వచ్చింది. మావయ్యగారట! కిటికీలో కరుణ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మురిసిపోతోందనుకున్నాను.

పది నిమిషాలు నేనే కాబోయే అల్లుణ్ణి. చర్చిలో ఏ నెల బాగుంటుందా అన్నదాకా వచ్చింది మాట. అప్పుడు వచ్చింది, కొంగులో పెంకులు మూటగట్టుకుని, వంగతోట నాంచారమ్మ గారు.

"ఏమయ్యా సుబేదారూ! నీ కుండ నీకుండగా నా కుండ పగలగొట్టటవేంటి?"

సుబేదారు గారు కళ్లజోడు పెట్టుకుని గుమ్మంలోంచి చూశారు. చాలాసేపు చూశారు. "బాబూ, నువ్వు దేనికి గురిపెట్టావు?"

"ఎడమదానికేనండీ..."

అయ్యగారు దూలాలు లెక్కపెడుతున్నారు. ఇక దాచి లాభం లేదు. అన్నీ చెప్పేశాను, కళ్లు మూయడం, స్కోరు రాయడం, ఆఖరికి జిగురుతో సహా.

"తోటకి దిష్టి తగలకుండా పెట్టుకున్న కుండకే తగిలిందిగా ఇతని దిష్టి!" అంది నాంచారమ్మ గారు. "కుండ బదులు ఇతన్నే నిలబెట్టండి."

సుబేదారు గారు రివాల్వరు తుడిచి, పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశారు. అయ్యగారూ నేనూ తిరుగు బస్సెక్కాం. సిగ్గు సంగతి అలా ఉంచండి, ఆ అమ్మాయి నాకు నిజంగా నచ్చింది. చేతులారా పోగొట్టుకున్నానని చాలా దిగులేసింది.

నిన్న ఉత్తరం వచ్చింది. "నేనూ మూడు పేల్చి కొట్టలేదు. నువ్వు నాంచారమ్మ ఎదుట తప్పు ఒప్పుకున్నావు. అంత ధైర్యం నేను బర్మా యుద్ధంలో కూడా చూళ్లేదు. మాకు సమ్మతమే" అని సుబేదారు గారి దస్తూరీ. ఆగండి, ఇప్పుడే చేతులు కలపకండి. కింద గుండ్రటి అక్షరాలతో ఇంకో రెండు ముక్కలున్నాయి.

"నాకూ సమ్మతమే. చిన్న మనవి. చర్చిలో దండ వేసేటప్పుడు కళ్లు తెరుచుకుని, బాగా దగ్గరికొచ్చి వెయ్యండి. నా కుడిపక్కన తోడిపెళ్లికూతురు నిలబడుతుంది."