చలువకని రాసిన నూనె

మనవరాలు పదో తరగతిలో ఉండగా, దసరా సెలవులయిన వారానికి దాని నుదుటి మీద పొక్కులు లేచాయి. గడ్డం మీద మొటిమలు అంతకు ముందునుంచే ఉన్నాయి. అవి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నుదుటివి మాత్రం అన్నీ ఆవగింజంత, ఒకే తీరు. వీపుకూ పాకాయి. ఆ తేడా నేను చూశాను. చూసి, వేడి చేసిందనుకున్నాను. మా ఇళ్లలో వేడికి మందు నెత్తిన నూనె. నాంపల్లిలో మా కిరాయి ఇంటి వరండాలో కూర్చోబెట్టి, బడి నుంచి రాగానే కొబ్బరినూనె మాడుకు పట్టించి జడ బిగించేదాన్ని.

"ఇంక జర పోస్తే నా నెత్తిల మిర్చీలు ఏంచుకోవచ్చు అమ్మమ్మా!"

"ఊకో. వేడి గుంజుతది."

"వేడి కాదు, దురద. బర్రె లెక్క వీపు గోడకు రాసుకుంటున్న."

నవ్వి, ఇంకాస్త నూనె పోశాను.

అబిడ్స్‌లో మందుల షాపతను మొటిమలకని యాంటీబయాటిక్ గోళీలు ఇచ్చాడు. గడ్డం కాస్త నయమైంది. నుదురు పూర్తిగా కమ్మేసింది. నేను నూనె పెంచాను.

బడిలో పదో తరగతి వాళ్లందరికీ ఫోటో తీసే రోజు దగ్గరపడింది. తాను నిలబడనని అది మొండికేస్తే అప్పుడు చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఏ గోళీ ఎప్పుడు మొదలుపెట్టామో తారీఖులతో చెప్పాను. ఆమె పొక్కును గీకి మైక్రోస్కోపులో చూసింది.

"గడ్డంవి మొటిమలే అమ్మా. నుదుటియి, వీపుయి వేరే. వెంట్రుక మొదట్ల ఫంగస్ పెరిగింది. దురద ఉందా బిడ్డా?"

"మస్తు. ఎవ్వరు వినలే."

"తారీఖులన్నీ చెప్పిన్రు, దురద సంగతి చెప్పలేదేందమ్మా? అదే అసలు గుర్తు. నూనె దానికి తిండి. ఈ గోళీలు దానికి అడ్డముండే క్రిములను చంపినయి, ఇంక పెరిగింది."

పాత గోళీలు, నూనె ఆపించింది. ఫంగస్ మందు, వీపుకు రాసి కాసేపుంచి కడిగే షాంపూ, గడ్డానికి వేరే క్రీము ఇచ్చింది. దురద ముందు పోతుందని, పొక్కులకు కొన్ని వారాలు పడుతుందని చెప్పింది.

అన్నట్టే దురద పోయింది. ఫోటో రోజుకు పొక్కులు పోలేదు. ఆ పొద్దున యూనిఫాం వేసుకుని బస్‌స్టాప్ దాకా నాతో నడిచి, అక్కడినుంచి వెనక్కి తిరిగింది. బతిమాలినా ఆగలేదు.

ఇప్పుడు నుదురు నున్నగా ఉంది. ఆ ఫోటో ఎవరో దాని ఫోన్‌కు పంపారు. పెద్దది చేసి, ఇద్దరు ఆడపిల్లల నడుమ వేలు పెట్టి, "నేను గీడ నిలవడేదాన్ని" అంది. ఆ పిల్లలు దగ్గరగా జరిగి నిలబడ్డారు. అక్కడ ఖాళీ లేదు.