డీజిల్ ట్యాంకులో నీళ్ళు

గుడివాడలో భానుమూర్తి మాస్టారి పెద్దకర్మ నాడు వంటవాళ్ళు పెరట్లోకి ఒక ఇనుప డ్రమ్మును దొర్లించుకుంటూ వచ్చారు. అది గోడకు తగిలి మోగింది. ఖాళీ డ్రమ్ము మోత, లోతుగా, కాసేపటిదాకా ఆగకుండా. విస్తళ్ళు సర్దుతున్న నా చేతులు ఆగిపోయాయి. వాళ్ళు దాన్ని నిలబెట్టి, పైపు పెట్టి నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు. గరిటె తగిలినప్పుడల్లా వస్తున్న మోత నీళ్ళు పెరిగేకొద్దీ మందగించింది. అది పూర్తిగా మూగబోయేదాకా నేను అక్కడినుంచి కదల్లేకపోయాను. ఆ ఇంట్లో ఇంకెవరూ ఆ చప్పుడును పట్టించుకోలేదు. పట్టించుకునే మనిషి ఫొటోలో ఉన్నారు.

మాస్టారు బందరులో ఒక ఐటీఐలో వెల్డింగు చెప్పేవారు. పొద్దున్నే గుడివాడ నుంచి ప్యాసింజరు బండిలో వచ్చి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. పొట్టి మనిషి. ఎడమ చెవి వినపడేది కాదు. ఎవరు మాట్లాడినా కుడి చెవి ముందుకు తెచ్చి "ఆఁ?" అనేవారు. మగపిల్లలు ఆయన వెనక ఆ "ఆఁ?"ను అనుకరించి నవ్వుకునేవారు. చెవి ఎలా పోయిందో ఆయన క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు, మేము అడగలేదు.

మాది హంసలదీవి దగ్గర వేట మీద బతికే పల్లె. నాన్నకు చిన్న ఇంజను పడవ ఉండేది. నా చిన్నప్పుడు ఒకసారి డీజిల్లో నీళ్ళు కలిసి నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. పడవ ఎటో కొట్టుకుపోయింది. నాన్న జాడ లేని ఆ రోజుల్లో అమ్మ పొయ్యి వెలిగించలేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుకలో కూర్చుని, నీటి మీద కనిపించిన ప్రతి నల్లచుక్కా నాన్నదే అనుకున్నాం. చివరికి వేరే ఊరి పడవవాళ్ళు ఆయన్ను తెచ్చి దించారు. పెదవులు పగిలి, మాట రాకుండా ఉన్నాడు. మళ్ళీ వేటకు వెళ్ళలేదు. నా పదో తరగతి అయ్యాక, "ఒడ్డు మీద చేసే పని నేర్చుకో. ఏదైనా సరే," అన్నాడు. వెల్డింగు చదివితే ఫ్యాక్టరీల్లో ఉద్యోగం దొరుకుతుందని ఎవరో చెబితే అందులో చేర్చాడు. బందరు హార్బరు దగ్గర అక్క కాపురం ఉండేది. వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను.

మొదటి రోజు మాస్టారు మమ్మల్ని షెడ్డులో వరసగా నిలబెట్టి, "భయంగా ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి," అన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఆ క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. చెయ్యెత్తితే ఇక నన్ను అక్కడ బతకనివ్వరనుకుని నేనూ ఎత్తలేదు. "మంచిది. భయం లేనివాళ్ళకి నేనేం నేర్పలేను. షెడ్డు ఊడవండి," అన్నారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, అదే చీపురు. శ్రీను అనే పిల్లవాడికి ఒళ్ళు మండింది.

"మేమొచ్చింది చీపురు పట్టడానికా సార్?"

"ఆఁ?"

"ఏం లేదు సార్."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య నేను చెయ్యెత్తాను. దేనికి భయమని అడిగారు. "అన్నిటికీ సార్. ఆ వెలుగుకి, కరెంటుకి, ఆ చప్పుడుకి," అన్నాను. ఈసారి నవ్వు నా మీదకు మళ్ళింది. మాస్టారు నవ్వలేదు. "రామ్మా, హోల్డరు పట్టుకో," అని రాడ్డు బిగించిన పిడి నా చేతికిచ్చారు. నల్లద్దం దించుకుంటే లోకమంతా చీకటైపోయింది. రాడ్డు పలకకు తగలగానే ఆ చీకట్లో ఒక చిన్న తెల్లటి మంట పుట్టింది, అంతలోనే రాడ్డు అతుక్కుపోయింది. ఊడదీసి మళ్ళీ పెట్టించారు. నా భయం పోవాలని ఆయన ఎప్పుడూ అనలేదు. అది ఎక్కడ నిలబడాలో మాత్రం చెప్పేవారు. గ్లౌజు తడిగా ఉందేమో చూసుకునేటప్పుడు భయపడు. రాడ్డు నడుస్తున్నప్పుడు వద్దు.

కొన్ని నెలలకు శ్రీను ఇంటి దగ్గర నుంచి ఒక పాత డీజిల్ డ్రమ్ము తెచ్చాడు. దాన్ని కోసి కుడితితొట్టి చెయ్యాలని వాళ్ళ నాన్న కోరిక. మాస్టారు దాన్ని వేలి కణుపుతో తట్టి, కుడి చెవి ఆనించి విన్నారు. ఆయన ముఖం మారిపోయింది.

"ఖాళీదే సార్. ఎప్పటినుంచో ఎండలో పడుంది. వాసన కూడా లేదు," అన్నాడు శ్రీను.

మాస్టారు ఒక రంగు డబ్బా తెప్పించి, అడుగున చిల్లు పెట్టి, లోపల కాస్త పెట్రోలు తిప్పి పారబోశారు. మూత బిగించి షెడ్డు బయట పెట్టారు. మమ్మల్ని దూరంగా గోడ వెనక్కి పంపి, తానూ ఒక వారగా నిలబడి, పొడవాటి కర్ర చివర మంటను ఆ చిల్లు దగ్గరకు చేర్చారు. చప్పుడు ముందు వచ్చిందో, మూత లేచిపోవడం ముందు జరిగిందో నాకు తెలియదు. మూత రేకుల కప్పు మీద పడి దొర్లుతున్న మోత మాత్రం గుర్తుంది. ఎవరూ నవ్వలేదు. మాస్టారు కర్ర కింద పెట్టి, "నిండు డ్రమ్ములో ఆవిరికి చోటుండదు. ఖాళీదాన్లో ఉండేదంతా అదే. నీళ్ళతో నింపకుండా మూసి ఉన్న దేని మీదా రాడ్డు పెట్టకండి. వేడికి గాలి బయటికి పోయే దారి వదలండి. ఎవరు చెప్పినా వినకండి. నేను చెప్పినా వినకండి," అన్నారు.

ఆ వేసవిలో వేట నిషేధం ముగిసే రోజులు వచ్చాయి. రెండు నెలలపాటు ఒడ్డునే ఉన్న బోట్లకు రంగులు, వలలకు అతుకులు, ఇంజన్లకు మరమ్మతులు. హార్బరంతా సుత్తుల చప్పుడు. మా అక్క మొగుడు పోతురాజు బావ ఒక పెద్ద బోటుకు సరంగు, అంటే నడిపించే మనిషి. బోటులో అతనికి వాటా కూడా ఉంది. ఆ బోటు డీజిల్ ట్యాంకు అడుగున అతుకు విడిచింది. ట్యాంకును విప్పి జెట్టీ మీద పెట్టారు. వెల్డర్లెవరూ ఖాళీగా లేరు. బావ అద్దె వెల్డింగు సెట్టు తెచ్చి ఇంటికొచ్చాడు.

"ఏం మరదలా, ఇన్నాళ్ళు మా తిండి తిని నేర్చుకున్నావుగా. ఓ అతుకెయ్యి, చూద్దాం."

నేను వెళ్ళి ట్యాంకును తట్టాను. మోగింది. నీళ్ళతో నింపితేనే వేస్తానన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నా ముఖం వంక చూశారు.

"డీజిల్ ట్యాంకులో నీళ్ళా? నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు బావ. "రెండు నెలల్నుంచి ఎండుతుంది ట్యాంకు. దీంట్లో చుక్క లేదు. నీళ్ళు పోస్తే ఏ మూలో ఇంత మిగిలిపోద్ది. నడిసంద్రంలో ఇంజను ఆగిపోద్ది. మీ నాన్న సంగతి నేను చెప్పాలా నీకు?"

చెప్పక్కర్లేదు. నా చిన్నతనమంతా ఆ నీళ్ళ భయంలోనే ఉంది. బోటు మీద పనిచేసే ఏ మనిషీ డీజిల్ ట్యాంకు దగ్గరికి నీళ్ళు రానివ్వడు. మూత తీసేటప్పుడు చేతి తడి కూడా తుడుచుకుంటారు. వాళ్ళకు ఖాళీ ట్యాంకంటే భయం లేదు. నాకు రెండూ భయమే. ఏది చేసినా నా చేతుల మీదుగా బావకు ఏదో జరుగుతుందనిపించింది. హోల్డరు కింద పెట్టి మాస్టారికి ఫోన్ చేశాను. ఆదివారం. ఆయన గుడివాడలో ఇంట్లో ఉన్నారు. "ఎవర్నీ ముట్టుకోనివ్వకమ్మా, వస్తున్నా," అని బస్సెక్కారు.

ఆయన వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. బావ కోపం ఇంకా పైకెక్కింది. మాస్టారు ట్యాంకు పక్కన నేల మీద కూర్చున్నారు. "మాకు గుడివాడలో షెడ్డు ఉండేది," అన్నారు. "మా తమ్ముడూ నేనూ. వాడు ఖాళీ డ్రమ్ము మీద పని చేస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నా, ఎడమవైపు వాడుండేలా. నాకు చెవి ఒక్కటే పోయింది."

బావ గొంతు తగ్గించి, "మరి మా మావ సంగతి?" అన్నాడు. మాస్టారు నావైపు చూశారు. నాన్న పడవ సంగతి అప్పుడే మొదటిసారి ఆయనకు చెప్పాను. అంతా విని, "అయితే నీదీ నిజమేనయ్యా," అన్నారు బావతో. "నీళ్ళు పోద్దాం. అతుకయ్యాక తీసేద్దాం. తీసే పూచీ నాది."

"పూచీ ఒడ్డు మీద ఉంటదండీ. మేం నీళ్ళ మీదుంటాం."

మాస్టారు ముఖం తుడుచుకుని, "నువ్వు ఒడ్డుకొచ్చేదాకా నాకూ నిద్రుండదు. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గరేం లేదు," అన్నారు. బావ చాలాసేపు ట్యాంకు వంకే చూసి, "పొయ్యండి," అన్నాడు.

విడిచిన అతుకు పైకి వచ్చేలా ట్యాంకును తిరగేశాం. అడుగున మిగిలిన డీజిల్ వదలడానికి ఉండే మర ఇప్పుడు పైకి వచ్చింది. దాన్ని తెరిచి, అతుకుకు కాస్త కింద వరకు మంచినీళ్ళు పోశాం. ఆ మరను తెరిచే ఉంచాం. మాస్టారు వేలితో తట్టి, మోత రావడం లేదని నాకు వినిపించి, అందర్నీ దూరంగా పంపారు. తాను మాత్రం నా పక్కనే నిలబడ్డారు. నేను వద్దన్నాను. "ఆఁ?" అన్నారు. నేను మాట్లాడింది కుడి చెవి వైపే. అతుకంతా ఆ రోజు నేనే వేశాను.

తరవాతి పని చాలా నెమ్మది. మాస్టారు నీళ్ళు వంపి, ట్యాంకును మళ్ళీ మామూలుగా నిలబెట్టి, గుడ్డలతో తుడిచి, ఎండలో పెట్టి, కాస్త డీజిల్ పోసి గిలకరించి, అడుగున ఉన్న మర నుంచి ఒక గాజు సీసాలోకి తీసేవారు. సీసాను ఎండకు ఎత్తి చూస్తే డీజిల్ కింద నీళ్ళు గోలీల్లా మెరుస్తూ కనిపించేవి. పారబోసి మళ్ళీ. మర్నాడు మాస్టారు సెలవు పెట్టి వచ్చారు. మిగతావాళ్ళంతా పూజలు చేసుకుని, కొబ్బరికాయలు కొట్టి బోట్లు తీసుకుని వేటకు వెళ్ళిపోయారు. పక్క బోటువాడు, "ఏం పోతురాజూ, మరదలు చేత ట్యాంకుకి తలంటు పోయిస్తన్నావంట!" అని అరిచి మరీ వెళ్ళాడు. బావ నాతో మాట మానేశాడు. సీసా అడుగున ఏమీ మెరవని ఘడియ వచ్చినప్పుడు మాస్టారు దాన్ని బావ చేతికిచ్చారు. బావ ఎండకు ఎత్తి చాలాసేపు చూసి, ఇంకోసారి తీయమన్నాడు. తీశారు. అదీ శుభ్రంగానే ఉంది.

బోటు వెళ్ళింది. అసలు భయం అప్పుడు మొదలైంది. సముద్రం లోపలికి వెళ్ళాక ఫోన్లు అందవు. అక్క వంట చేస్తూ చేస్తూ ఆగిపోయేది. ట్యాంకు మూలల్లో, మడతల్లో ఎక్కడో ఒక చుక్క దాక్కుని ఉందని నాకు అనిపించేది. అది నా కళ్ళకు కనిపించేది. మాస్టారు పొద్దున బండి దిగగానే ఫోన్ చేసి, "పడవ వచ్చిందా అమ్మా?" అనేవారు. సాయంత్రం క్లాసయ్యాక హార్బరుకు వచ్చి, నా పక్కన జెట్టీ మీద నిలబడి సముద్రం వైపు చూసి, బండి వేళకు వెళ్ళిపోయేవారు. ధైర్యం చెప్పలేదు. ఏం కాదులే అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

ఒక సాయంత్రం మేము నిలబడి ఉండగానే బోటు హార్బరు కాలవలోకి తిరిగింది. బావ పైనుంచే అరిచాడు. "మాస్టారూ! ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదండీ!" కిందికి దిగి, ఆయన చేతుల్లో కాసిని చందువా చేపలు పెట్టాడు. మాస్టారి ఇంట్లో చేపలు తినరు. ఆ మాట చెప్పకుండా రెండు చేతులా అందుకున్నారు. రైల్లో ఎవరికో ఇచ్చారని తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒక తాళ్ళ చుట్ట మీద కూర్చుండిపోయారు.

"చూశావామ్మా," అన్నారు. "ఆర్కు మంటకి భయపడటం కొన్నాళ్ళే. ఇది మాత్రం నువ్వు పని చేసినన్నాళ్ళూ ఉంటుంది. ఉండనీ."

ఇప్పుడు నేను ఒక నౌకల యార్డులో వెల్డింగు తనిఖీ చేస్తాను. పరీక్షలకు యంత్రాలు ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయని చూపిస్తాయి. సంతకం పెడతాను. ఓడ వెళ్ళిపోతుంది. అది ఎక్కడో ఒక రేవు చేరిందని తెలిసేదాకా నాలో ఒక మూల మెలకువగానే ఉంటుంది. తోటివాళ్ళు నన్ను పిరికిదాన్నని అంటారు. కాదని నేను వాదించను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బావ పెరట్లో ఆ నీళ్ళ డ్రమ్ము పక్కన చెయ్యి కడుక్కుంటున్నాడు. జుట్టు తెల్లబడింది. ఇప్పటికీ వేటకు వెళ్తున్నాడు.

"మాస్టారు పోయిన రోజు నేను సంద్రంలో ఉన్నా," అన్నాడు. "ఒడ్డుకొచ్చి ఫోన్ చేశా. వాళ్ళమ్మాయి ఎత్తింది."

"ఆయన పోయారని అప్పటికి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. వచ్చామని చెబుదామని చేశా. ఎప్పుడూ చేస్తాగా."

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. ఆ మొదటి వేట నుంచి, బోటు ఒడ్డుకు చేరిన ప్రతిసారీ మాస్టారికి ఫోన్ చేసేవాడట. చెయ్యకపోతే ఆయనే అక్కకు చేసేవారట. ఆ ట్యాంకు ఎప్పుడో తుప్పుపట్టి, మార్చేసి కొత్తది పెట్టారు. బోటు కూడా మారింది. ఆ మాట బావ ఆయనతో అన్నాడట. "అది పాత ట్యాంకేగా మాస్టారూ, ఇంకెందుకండీ?" అంటే, "ఆఁ?" అన్నారట.

బావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఇప్పుడెవరికి చెయ్యాలో తెలీట్లేదు మరదలా."

"నాకు చెయ్యి," అన్నాను.

"నీకేం చెబుతాం? వచ్చాం అంటాం. అంతేగా."

"అంతే చెప్పు."

మొన్న యార్డులో ఒక ట్యాంకు లోపల ఉండగా ఫోన్ మోగింది. బయటికి వచ్చి ఎత్తేసరికి సుత్తుల చప్పుడులో ఏమీ వినపడలేదు. ఫోను కుడి చెవికి మార్చి, రెండో చెవి మూసుకుని, "ఆఁ?" అన్నాను.

"వచ్చాం," అన్నాడు బావ.