రెండు పవర్ వంద రోజుల తర్వాత ఎల్లాజీ సెలవు

ఎల్లాజీకి కావలసింది ఒక్కటే: మంగళవారం ఉన్న వీక్లీ ఆఫ్ ఆదివారానికి మారాలి. కాపురం మల్కాపురంలో, పని పోర్టులో ఓడలకు సరుకెక్కించే కంపెనీలో. ఎన్ని బస్తాలు ఎక్కాయో లెక్కపెట్టే టాలీ గుమాస్తా. భార్య చిలకమ్మ బడిలో ఆయా, ఆమెకు సెలవు ఆదివారం. పెళ్లయిన నాలుగేళ్లలో సెలవునాడు మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నది లేదు. ఇంతటి అన్యోన్య దాంపత్యం లేదని చుట్టాలంతా మెచ్చుకునేవారు. పోట్లాడుకోవడానికి తీరికెక్కడిది?

1979లో ఒక శుక్రవారం అర్జీ పెట్టాడు. టైమాఫీసు సూపరింటెండెంటు సీతారామాంజనేయులు గోదావరి జిల్లా మనిషి, బీయస్సీ లెక్కలు. ఆ డిగ్రీ వాడే సందు దొరక్క పద్నాలుగేళ్లుగా ఉడికిపోతున్నాడు. అర్జీ మీద ఎర్రసిరాతో రాశాడు: "ఈ తేదీ నుంచి రెండు పవర్ వంద రోజుల తర్వాత పరిశీలించబడును." అంటే రెండును వందసార్లు వేసి హెచ్చవేస్తే వచ్చినన్ని రోజులు. అప్పటికి పోర్టు కాదు, సముద్రమే ఉండదు.

ఎల్లాజీ దాన్ని వెటకారం అనుకోలేదు, తేదీ అనుకున్నాడు. సోమవారం కిటికీ దగ్గరకొచ్చాడు.

"బాబూ, తమరు రాసిన రోజు ఆదోరం పడతంది. ఆదోరం ఆఫీసు మూసేత్తారు కదా, నానెవుల్ని అడగాల?"

"ఆదివారమని నీకెవడు చెప్పాడయ్యా?"

"మూడు రెళ్లు ఒకదాంతో ఒకటి హెచ్చేత్తే ఎనిమిది. ఎనిమిది రోజులంటే ఒక వారం పోగా ఒకటి మిగిల్తాది. తొంబైతొమ్మిది రెళ్లలో అలాటి ఎనిమిదులు ముప్పైమూడు. ఒకట్ని ఒకటితో ఎన్నిసార్లు హెచ్చేసినా ఒకటే కదా బాబూ. ఆకర్ని ఉన్న రెండుతో హెచ్చేత్తే మిగిలేవి రెండు. శుక్రోరానికి రెండు కలిపితే ఆదోరం. ఓడలోకి బస్తాలెత్తే తాళ్ల స్లింగులు నిండగా మిగిలిన బస్తాల లెక్కే."

సీతారామాంజనేయులు కాగితం తీసి లెక్క చేసుకున్నాడు. నిజమే. కోపంగా వందను నూట ఒకటి చేశాడు.

"ఇప్పుడు మిగిలేవి నాలుగు. మంగలారం నాకు ఆఫ్ బాబూ, గేటులోకి రానివ్వరు."

నూట రెండు చేశాడు.

"ఒకటి మిగిల్తాది. శనోరం. శనోరం తమరు పెన్ను ముట్టరు కదా."

శనిదోషం భయంతో శనివారం సంతకం పెట్టని మనిషి ఆయన. ఇక ఎంత పెంచినా అవే మూడు రోజులు గానుగెద్దులా తిరిగొస్తున్నాయి. సాయంత్రందాకా కుస్తీపట్టి, చివరికి రెండు కొట్టేసి ఏడు వేశాడు. ఏడు పవర్ వంద. ఏమీ మిగలదు. మళ్లీ శుక్రవారమే, ఆఫీసు తెరిచే ఉంటుంది.

"ఇప్పుడు చెప్పవోయ్!"

ఎల్లాజీ మెచ్చుకోలుగా తలూపాడు. "ఇది బాగుంది బాబూ. శుక్రోరమే ఒత్తాను."

వచ్చాడు. ప్రతి శుక్రవారం పదింటికి వచ్చాడు. "ఈ శుక్రోరమేనా బాబూ?" "కాదు." "కాదని రాసియ్యండి." అడిగినది రాసివ్వాలన్నది ఆఫీసు రూలు. తొమ్మిది వారాలకు ఫైల్లో తొమ్మిది "కాదు"లు చేరాయి. పదోవారం మద్రాసు నుంచి ఇన్‌స్పెక్షన్ అన్నారు. ఏడు పవర్ వంద రోజులేమిటని అడిగితే చెప్పుకోవలసింది తనే. సీతారామాంజనేయులు గుడ్లు మిటకరించి, ఆదివారం ఆఫ్ మంజూరు చేశాడు.

ఆ ఆదివారం పన్నెండింటికి ఎల్లాజీ కాళ్లు కడుక్కుని పీట వేసుకున్నాడు. చిలకమ్మ గిన్నె మూత తీసి నాలిక కరుచుకుంది.

"అయ్యో మావా! ఆదోరం కదా, నాకొక్కదానికే వండీసినాను. నువ్వున్న సంగతే గురుతు నేదు."

"ఫర్నేదు, ఉన్నదే ఎట్టు."

సగం సగం పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. గిన్నెలో మెతుకు మిగల్లేదు.