చంద్రపూర్ జైలు గేటు నుంచి వడ్రంగి షాపు దాకా మా రాజన్న బావతో

మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో దేశాన్ని రోజూ రాత్రి భోజనాలయ్యాక బాగుచేస్తారు. ఆ వారం తీర్మానం, దొంగలకు శిక్షలు రెట్టింపు చేయాలని. ఇరవై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అదే గ్రూపులో మా అత్త, రాగి తీగ దొంగతనం కేసులో రెండేళ్లు శిక్ష పడిన తన కొడుకు రాజన్న మంగళవారం విడుదలవుతున్నాడనీ, తీసుకురావడానికి ఎవరైనా వెళ్లగలరా అనీ అడిగింది. దేశభక్తులందరికీ ఒక్కసారిగా సిగ్నల్ పోయింది. నాకు పోలేదు. వెళ్లాను.

మంచిర్యాలలో తెల్లవారుజామున రైలెక్కితే ఎండ ముదరకముందే బల్లార్షాలో దిగవచ్చు. అక్కడి నుంచి చంద్రపూర్‌కు షేర్ ఆటోలో అరగంట. ముప్పై నలభై రూపాయలు అడుగుతారు, చిల్లర ఉంచుకోండి. పది దాటాక బావ ఒక సంచితో బయటికొచ్చాడు. జైల్లో వడ్రంగం నేర్చుకున్నాడు. బల్లార్షా రోడ్డులో ఫర్నిచర్ షాపు నడిపే తెలుగాయన శంకర్ సేట్, ఒక రోజు పని చూసి చెబుతానని అత్తతో అన్నాడు. ఆ పని దొరక్కపోతే బావకు మిగిలేది పాత స్నేహితులే. జైలు మాట ఎక్కడా ఎత్తొద్దని అత్త ఫోన్‌లో మా ఇద్దరితో ఒట్టు వేయించుకుంది.

షాపుకు వెళ్లడానికి ఎక్కిన ఆటో డ్రైవర్ది సిర్పూర్. జైలు గోడ దాటగానే ఉపన్యాసం అందుకున్నాడు.

“గీ దొంగలను పదేండ్లు లోపలెయ్యాలె తమ్మీ. గప్పుడు బుద్ధొస్తది.”

“పదేండ్లేసినా పదకొండో ఏడు బయటికొస్తం గదనే,” అన్నాడు బావ. “నీ ఆటోనే ఎక్కుతం. పని తెలిసి ఎక్కాల్నా, తెల్వక ఎక్కాల్నా?”

డ్రైవర్ అద్దంలో చూసి, ముందు పెట్టుకున్న ఫోన్‌ను మెల్లగా జేబులోకి దించాడు.

“భయపడకన్నా, నాది రాగి తీగ లైను,” అన్నాడు బావ. నేను నవ్వు ఆపుకోవడానికి సంచిలో ముఖం పెట్టాను. అత్త ఒట్టు ఆటోలకు వర్తించదని అప్పటికప్పుడు తీర్పు చెప్పుకున్నాను.

షాపులో బావ సాయంత్రం దాకా తలుపు చట్రం బిగించాడు. పనయ్యాక ఉలులు, చిత్రిక, సుత్తి తుడిచి పలక మీద వరసగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“ఏంది, పోవా?” అన్నాడు సేట్.

“లెక్క చూసుకోండ్రి సేట్. చూసినంక పోత.”

పనివాళ్లు రంపాలు ఆపి చూశారు. సేట్ అడిగాడు: “గిట్ల లెక్క యాడ జేస్తరు?”

“హైదరాబాద్‌ల పెద్ద కంపెనీల...” అని నేను మొదలుపెట్టాను.

“ఊకోరా బామ్మర్దీ. జైల్ల, సేట్. ఉలి ఒక్కటి తక్కువైనా ఎవ్వరినీ పండుకునే బరాక్‌లకు పోనియ్యరు.”

సేట్ చట్రం మూల మీద బొటనవేలితో రాసి చూశాడు. “మరి నీ పనిముట్లేవి?”

“నేర్పిండ్రు. ఇయ్యలే.”

“పని నేర్పి ఉత్త చేతుల్తోని తోలిండ్రా!” సేట్ తన మనుషుల వైపు తిరిగాడు. “వీళ్లు రోజూ నా ఉలులు యాడనో పారేసి ఎతుకుతుంటరు. రేపటిసంది అందరి పనిముట్ల లెక్క నువ్వే చూడు. నీ పెట్టె కొనుక్కునేదాక నావి వాడు.”

శిక్షలు పెంచాలనే పెద్దమనుషులకు సవినయంగా ఒక మనవి: పెంచండి. ఇరవై ఏళ్లు చేయండి. ఆ తర్వాతి ఉదయం కూడా గేటు తెరుచుకుంటుంది, మనిషి సంచితో బయటికొస్తాడు, మీ ఊరే వస్తాడు. అతనికి పని, గది, పనిముట్లు చూపించడం జాలి కాదు, మీ ఇంటి తాళం కంటే గట్టి కాపలా. జాలి అని వెక్కిరించేవాళ్లతో నేను గ్రూపులోనూ, బయటా, పెళ్లి భోజనాల్లోనూ పోట్లాడతాను. ఇప్పటికే రెండుసార్లు గ్రూపు నుంచి తీసేశారు.

ఇలాంటి ప్రయాణం చేయబోయేవాళ్లకు ఒక్క సలహా. లోపల ఏ పని నేర్చుకున్నాడో ముందే కనుక్కుని, ఆ పనిముట్లు కొని తీసుకెళ్లండి. మనిషిని జైలు పొద్దున వదులుతుంది. పాత స్నేహితులు సాయంత్రానికల్లా వచ్చేస్తారు. మీరు వాళ్లకంటే ముందుండాలి.