వసీలే సబ్బాతు

యెరూషలేములో గోడలు కట్టే వసీలే యూదుడు కాడు. జలప్రళయంలో మిగిలిన నోవహు సంతానానికి, అంటే మనుషులందరికీ, దేవుడిచ్చిన ఏడు ఆజ్ఞలు పాటిస్తాడు. శనివారం పొద్దున్నే గోళ్ళలో సిమెంటు గీక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, ప్రార్థన మందిరంలో వెనక బల్లమీద కూర్చుంటాడు. కానీ సబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి, మొత్తం పాటించడం యూదులకే చెల్లు. అందుకని గదికెళ్ళి, ఆ రోజు చెయ్యకూడని పని ఒకటి కావాలనే చేస్తాడు. ఒక అగ్గిపుల్ల గీసి ఆర్పేస్తాడు.

ఇక ఎన్నాళ్ళో బతకవని డాక్టరు చెప్పాక, మందిరంలో గురువైన రబ్బీని అడిగాడు.

"ఒక్క శనివారం అగ్గిపుల్ల గీయకుండా ఉంటాను రబ్బీ గారూ."

"నీకు ఏడు చాలు వసీలే. మా బరువు ఎత్తుకుంటే నడుం పట్టేస్తుంది."

"ముప్పై ఏళ్ళు రాళ్ళు మోశాను, ఇదో బరువా?"

రబ్బీ నవ్వబోయి ఆగాడు. "ఇవ్వడానికి అది నాది కాదు నాయనా."

"పోనీ, సబ్బాతు మొదలయ్యే శుక్రవారం పొద్దుగూకేవేళ పోయాననుకోండి. మర్నాడంతా ఏ పనీ చెయ్యక్కర్లేదు కదా?"

రబ్బీ అతని భుజమ్మీద చెయ్యి వేశాడు.