కుంటని ఎద్దు

నలభై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు, ఆమె పోయింది. పిల్లలకు చెబితే, ఇంతేనా నాన్నా అని నవ్వేస్తారేమోనని భయం. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎనభైల మధ్యలో మాట. విస్సన్నపేటకు దగ్గర్లో మా ఊరు. నాకు మంచి ఎడ్లజత ఉండేది. మా గట్టు పక్కనే నాగరత్నానికి ఎకరం మెట్ట. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఎకరంలో పండే జొన్నలే వాళ్ళకు ఏడాది తిండి. అన్ని పనులూ తనే చేసుకునేది, ఒక్క దుక్కి తప్ప. ఆడది నాగలి పడితే ఊరికి అరిష్టమని మా వాళ్ళ నమ్మకం. అందుకని ఆ ఎండాకాలం ఆమె, పెద్దకూతురు ఎనిమిది రోజులు మా చేలో పత్తికట్టె పీకారు. కూలి తీసుకోలేదు. బదులుగా తొలకరి పడగానే నాగలి కడతానని మాటిచ్చాను.

వాన పడింది. నేల నాగలి దిగేంత మంచి పదును మీదుంది. ఆ మధ్యాహ్నమే రెడ్డిగూడెం నుంచి ఒక పెద్ద ఆసామి కబురు పంపాడు, మామిడితోట దున్నాలి, రేపే రమ్మని. కాదంటే వచ్చే ఏడు ఇంకొకరిని పిలుస్తాడు. నేను కాదనలేదు. కాదనాలని ఒక్క క్షణమైనా అనిపించిందా? లేదు. అదీ అనిపించలేదు.

సాయంత్రం నాగరత్నం వచ్చింది.

"అన్నయ్యా, రేపు నాగలి కడతావా? పదును ఆరిపోద్దేమోనని భయంగా ఉంది."

"దాపటెద్దు కుంటుతోందమ్మా. రేపు రెడ్డిగూడెం తోలుకెళ్ళి పశువుల డాక్టరుకు చూపించాలి. నాలుగు రోజులు ఆగు."

ఆమె ఇంటికి వెళ్ళి వేపనూనెలో పసుపు కలిపి తెచ్చింది. ఎద్దు కాలి దగ్గర కూర్చుని, గిట్టల మధ్య నెమ్మదిగా రాసింది. "నోరులేనిది, ఎంత బాధపడుతోందో పాపం" అంది. ఎద్దు నాలుగు కాళ్ళ మీద హాయిగా నిలబడి నెమరు వేస్తోంది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా?

ఐదు రోజులు అక్కడే ఉండి తోట దున్నాను. ఎద్దుకు వైద్యం చేయిస్తున్నాననే ఇంట్లోనూ ఊళ్ళోనూ అనుకున్నారు. తిరిగొచ్చేసరికి నేల గట్టిపడింది. మిగతా నాగళ్ళు ఎవరి చేలల్లో వాళ్ళవి. ఆమె, పిల్లలు పలుగులతో తవ్వి పావెకరం విత్తుకున్నారట. మళ్ళీ వాన ఎప్పటికో గానీ రాలేదు. మొలిచింది మాడిపోయింది. ఆ ఏడు వాళ్ళు తోటల్లో పడి ఉన్న మామిడి టెంకలు ఏరుకొచ్చి, లోపలి జీడి ఎండబెట్టి, ఆ పిండితో అంబలి కాచుకున్నారు. చిన్నపిల్ల ఆ వగరు తాళలేక కక్కేస్తోందని నా భార్యే చెప్పింది, నాకు అన్నం వడ్డిస్తూ. నేను తిన్నాను.

మరుసటి ఏడు ఆ ఎకరం అమ్మేసింది. కొన్నాయన మామిడి మొక్కలు నాటించాడు. గుంతలు తీసే కూలీల్లో ఆమె కూడా ఉంది. ఎవరో నా మీద మాట తూలబోతే, ఎద్దు కుంటితే ఆయన మాత్రం ఏం చేస్తాడని నన్నే వెనకేసుకొచ్చిందట.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది, అంతేగా? ఆమె తరఫున వచ్చి నన్ను నిలదీసే మగవాడు ఆ ఇంట్లో లేడు. ఉండి ఉంటే, ఎనిమిది రోజులు చాకిరీ చేయించుకుని ఎద్దు కుంటుతోందని అతని ముఖం మీద అనగలిగేవాడినా? అనలేను. అది తెలిసే ఆమెతో అన్నాను.

నాగరత్నం మొన్న వేసవిలో పోయింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఎదురుపడ్డామో. ప్రతిసారీ బాగున్నావా అన్నయ్యా అనేది. బాగున్నానమ్మా అని తప్పుకునేవాడిని. ఇప్పుడు చెప్పినంత మాత్రాన ఆ పిల్లలు అప్పుడు తినని తిండి తిన్నట్టు కాదు. చెప్పాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.