మా చిన్నాన్న చంకకర్రలు

మా చిన్నాన్న పోయిన కబురు నాకు బెజవాడలో, నేను పనిచేసే బట్టల కొట్లో చీరలు మడతపెడుతుండగా అందింది. కబురు తెచ్చిన మనిషి వెంటనే, "పోన్లెండి, ఆ కర్రలతో ఇంకెన్నాళ్లు పడతాడు, కష్టం తీరింది" అన్నాడు. ఆ తర్వాత మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. గన్నవరం పక్కన ఉన్న మా నేతగాళ్ల వీధికి చేరేసరికి అక్కడా అవే మాటలు. ఓర్పు గల మనిషి అన్నారు. కర్రలకు బాగా అలవాటుపడ్డాడు అన్నారు.

మా చిన్నాన్న ఓర్పు గల మనిషి కాదు. పోగు తెగితే మగ్గాన్ని తిట్టేవాడు, నూలు వడికిన మిల్లును తిట్టేవాడు, ఆ మిల్లున్న ఊరిని కూడా వదిలేవాడు కాదు. ఎవరింటి పెళ్లికి వెళ్లినా పెళ్లికొడుకు ముఖం చూడకముందే అతని పంచె అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. "బట్ట మంచిదే. కుర్రాడి సంగతి మీరు చూసుకోండి" అనేవాడు. ఆ వేళ్లకు తెలియని నూలు మా ప్రాంతంలో లేదు. అలాంటి మనిషి చివరి రోజుల్లో నోరెత్తకుండా బతికాడంటే అది ఓర్పు కాదు. ఎందుకో నాకు తెలుసు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. మైలవరంలో చీరలు అమ్ముకుని చిన్నాన్న బస్సెక్కాడు. దారిలో ఎత్తు ఎక్కలేక బస్సు ఆగిపోతే కండక్టరు అందరినీ దించి తోయమన్నాడు. చిన్నాన్న కూడా భుజం పెట్టాడు. బస్సు వెనక్కి జారింది. టిక్కెట్టు కొనుక్కుని, ఆ బస్సునే తోసి, దాని కిందే పడ్డాడు. కుడికాలు మోకాలి పైకంటా తీసేశారు.

ఆసుపత్రిలో తెలివి రాగానే ఆయన చేతులు రెండూ పైకెత్తి చూసుకున్నాడు. పక్కనే ఏడుస్తున్న పిన్నితో, "ఏడవకే. మగ్గం కింది తొక్కుడు చెక్కలు ఒక్క కాలితో మార్చి మార్చి తొక్కుతాను. నేసేది చేతులేగా!" అన్నాడు. నేనక్కడే ఉన్నాను. అన్నంత పనీ చేసేవాడే.

ఇంటికి పంపించే రోజున కాంపౌండరు మూలనున్న చంకకర్రలు తెచ్చి ఇచ్చాడు. ఎవరి కొలతకు చేశారో, మా చిన్నాన్నకు మాత్రం కాదు. ఆయన పొట్టి మనిషి. చంకలో పెట్టుకుంటే భుజాలు చెవుల దాకా లేచాయి. పట్టుకునే పిడి ఎక్కడో కిందకు ఉంది, చేయి చాపినా బరువు ఆనడం లేదు. కింద రబ్బరు కూడా లేదు, ఉత్త చెక్క.

"కొంచెం పొడుగయ్యాయేమోనండీ" అన్నాడు చిన్నాన్న.

"ఉన్నవి ఇవే. అలవాటవుతుందిలే, పో" అన్నాడు కాంపౌండరు.

చొక్కా కుట్టేవాడు కూడా కొలత తీసుకుంటాడు. కాలు పోయినవాడికి కాలి బదులు ఇచ్చేదానికి కొలత లేదు. ఎలా నడవాలో చెప్పినవాడూ లేడు. చిన్నాన్న చంకల మీద బరువంతా వేసి, దండేనికి ఆరేసిన బట్టలా వేలాడుతూ ఇల్లు చేరాడు. వీధిలో తడినేల మీద కర్ర జారితే పడ్డాడు. మట్టిలో దిగబడితే ఊడలాక్కోలేక నిలబడిపోయాడు. నాలుగు రోజులకే చంకలు రెండూ పుండ్లయ్యాయి.

అప్పుడు పిన్ని దిండ్లు కుట్టింది. మా ఇళ్లలో బట్ట కోశాక మగ్గానికి మిగిలిపోయే పోగుల కొసలు పారేయరు. కుండలో దాచి, పసిపిల్లల దిండ్లలో కూరుతారు. అంత మెత్తన ఇంకేదీ ఉండదు. పిన్ని ఆ కుండంతా కుమ్మరించి, తన పాత చీర చింపి, కర్రల పైభాగానికి దిండ్లు కట్టింది. నొప్పి తగ్గలేదంటే ఇంకాస్త కూరింది. దిండు లావయ్యేకొద్దీ కర్ర ఇంకా ఎత్తయింది. మెత్తగా ఉందని ఆయన ఇంకా బాగా వేలాడాడు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి ఆ దిండ్లు నొక్కి చూసి, పెళ్లామంటే అలా ఉండాలి అని మెచ్చుకుని వెళ్లారు.

ముందు వేళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత కుడిచేతి మణికట్టు వాలిపోయింది. వాతం అన్నారు, రక్తం తక్కువన్నారు, పిన్ని నువ్వుల నూనె కాచి రోజూ మర్దనా చేసింది. ఆసుపత్రికి తీసుకెళితే కాలి దగ్గర కుట్లు మాత్రం చూసి, "బాగా మానింది" అన్నారు. చెయ్యి చూడమని నేను గట్టిగా అడిగాను. "కాలు కేసు కదా ఇది" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒకరోజు నేను కట్టుకెళ్లిన కొత్త పంచె అంచు చిన్నాన్న అలవాటు కొద్దీ రెండు వేళ్ల మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు. "ఏరా, ఇది నూలేనా?" అని అడిగాడు. అది కాలు పోకముందు ఆయన నేసిన పంచే.

క్రిస్మస్ ముందు చర్చి వీధి నుంచి ఒకతను దుప్పటి కొనడానికి వచ్చాడు. యుద్ధంలో కాలు పోయి పటాలం నుంచి తిరిగొచ్చినవాడు. అతనివీ చంకకర్రలే, కానీ మామూలు మనిషిలా నిటారుగా నడిచొచ్చాడు. చిన్నాన్న ఎదురొస్తుంటే చూసి ఆగిపోయాడు.

"బాబాయిగారూ, అలా వేలాడకండి. చంకలో నరాలుంటాయండీ. అవి నలిగితే చేతులు పడిపోతాయి."

"వేలాడక ఎగరమంటావా?" అన్నాడు చిన్నాన్న.

"బరువంతా అరచేతుల మీద వెయ్యాలండీ. కర్ర చంకకి అసలు తగలకూడదు, సందుండాలి. మాకు కొలిచి, నడక నేర్పాకే ఇచ్చారు. ఆ దిండ్లెవరు కట్టారండీ? వాటివల్లే ఇంకా..."

చిన్నాన్న చప్పున చెయ్యెత్తి అతని మాట ఆపాడు. పిన్ని కాలవకు వెళ్లింది, ఇంట్లో లేదు. అయినా గుమ్మం వైపు చూశాడు. "బాబూ, ఈ ముక్క మళ్లీ అనకు. ఒరేయ్, నీకూ చెబుతున్నాను. దానికి తెలియకూడదు" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఆ మధ్యాహ్నమే కర్రలు కింద కోయించి, పిడి పైకి మార్పించి, పాత టైరు ముక్కలు కొట్టించాం. పొడుగెక్కువని కోయించామని పిన్నికి చెప్పాం. ఆమె సంబరంగా కొత్త దిండ్లు కుట్టి కట్టింది. "ఇప్పుడు హాయిగా ఉందే" అన్నాడు చిన్నాన్న. నడక నిజంగానే మారింది. మణికట్టు కొంత లేచింది, ముద్ద కలుపుకునేదాకా వచ్చింది. మగ్గంలో నాడెను అటూ ఇటూ పరుగెత్తించే తాడు గుంజే బలం మాత్రం రాలేదు, వేళ్లకు స్పర్శా రాలేదు. మగ్గం మీద కూర్చుని చూశాడు, లేచాడు. ఆ తర్వాత అరుగు మీద ఎడమచేత్తో రాట్నం తిప్పి నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టాడు. ఆడవాళ్ల పని చేస్తున్నాడని వీధి నవ్వింది. చేతులకేమైందని ఎవరడిగినా, "వాతం" అని ఊరుకునేవాడు. తిట్టడం మొదలుపెడితే ఏ మాట నోరు జారుతుందోనని తిట్లే మానేశాడు. మీరు ఓర్పు అన్నది దాన్నే.

పిన్నికి చదువు రాదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. మా వీధివాళ్లెవరైనా ఆమెకు చదివి వినిపిస్తే, బస్సు గురించి, కాంపౌండరు గురించి ఎంతైనా చదవండి. దిండ్ల సంగతి దాటేయండి.

పెద్దకర్మ అయ్యాక నేను బయల్దేరుతుంటే చంకకర్రలు గోడకు చేరేసి ఉన్నాయి. చేతులు పట్టి పట్టి పిడులు నల్లగా నున్నబడ్డాయి. పిన్ని వచ్చి ఆ పై దిండ్లు తడిమింది. చీరముక్క రంగైనా వెలిసిపోలేదు, చెమట మరకైనా లేదు.

"చూశావురా," అంది కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లు వాడినా నా కుట్టు ఒక్క పోగూ చెదరలేదు."